గాలికి గృహప్రవేశం

నమోదు 211

కొత్త గది లెక్క తేలింది. ఏదో తేలిందంటే తేలిందని కాదు, చూడముచ్చటగా తేలింది. ఈ నమోదు రాస్తున్నది సుంకులమ్మ, కొండ లోపలి ఊరు లోగుట్టలో గాలి లెక్కలు చూసే మనిషి. నాకు ముందు ఈ పని చేసినాయన ప్రతి నమోదు చివరా దేవుడి దయ అని రాసేవాడు. దేవుడి సంగతి నాకు తెలియదు గానీ, ఈసారి నా బుర్ర మాత్రం బాగా పనిచేసింది.

పైన ఎండలో మనిషి పగటిపూట తిరగడం మానేసి మూడు తరాలయింది. చీకటి పడ్డాక చేలల్లో పని, తెల్లారితే కొండ కడుపులో నిద్ర. ఫంకాలు ఉన్న రోజుల్లో గాలి గురించి ఎవరూ ఆలోచించేవాళ్లు కాదట, మీట నొక్కితే తిరిగేవట. మోటార్లు కాలిపోయాయి, వాటికి చుట్టే తీగ దొరకలేదు, ఉన్న కాస్త కరెంటు నీళ్ల పంపుకే చాలదు. మా అమ్మ ఒక ఫంకా రెక్కను కడిగి దాని మీద వడియాలు పెట్టేది. నేను చూసిన ఫంకా అంతే.

ఇప్పుడు గాలిని కదిలించేది వేడి ఒక్కటే. వేడి గాలి లేస్తుంది, చల్లగాలి దిగుతుంది, ఇది ఎవరికైనా తెలుసు. మూసి ఉన్న గదిలో అది ఏ వైపు లేస్తుంది, ఎంత జోరుగా లేస్తుంది, ఏ మూలన కదలకుండా పడి ఉంటుంది, అదే నా కూడు. లెక్కపెట్టెలో గదినంతా చిన్న చిన్న గళ్లుగా కోస్తాను. ప్రతి గడికీ చుట్టుపక్కల గళ్లతో ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. ఇంత వేడి ఇచ్చింది, ఇంత గాలి తీసుకుంది అని గడి తరువాత గడి, క్షణం తరువాత క్షణం పెట్టె మూలుగుతూ కూడుకుంటూ పోతుంది. పెట్టె మా తాత కన్నా పాతది. దాన్ని తిట్టకుండా పని చేయించుకోవడం నాకింకా చేతకాలేదు.

కొత్త గది పొడవాటిది. రెండు కొసల్లోనూ ఒక్కో గాలిబావి నిట్టనిలువుగా పైకి పోతుంది. రెండూ పైన తోటలోకి తెరుచుకుంటాయి. తోట అంటే అద్దాలతో వెలుతురు దింపుకుని ఆకుకూరలు పెంచే సొరంగం. అక్కడ రాయి ఎప్పుడూ చెమరుస్తుంటుంది. గదిలో తూర్పు కొసన నీళ్ల మడుగు, దాని పక్కన వంటలు. పడమటి కొసన రాతిలో తొలిచిన పడకగూళ్లు. కుంపట్ల వేడికి గాలి తూర్పు బావిలో లేచి, పొగను తోట కప్పులోని చీలికలో వదిలేసి, ఆకుల మధ్య చల్లబడి, పడమటి బావిలో దిగుతుంది. నిద్రపోయేవాళ్ల మీదుగా సాగి మళ్లీ కుంపట్ల దగ్గరికి చేరుతుంది. రాట్నం లాగా తిరుగుతూనే ఉంటుంది. పడకలకు ఎప్పుడూ మంచి గాలే అందుతుంది.

దస్తగిరికి చూపించాను. ఆయన లోగుట్ట పెద్ద. మంచివాడే గానీ, పెళ్లికి పిలిచినా ముందు కీడే తలుస్తాడు.

“గ్యారంటీనా సుంకులమ్మా?”

“నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా దస్తగిరన్నా?”

“తప్పల్యా. అందుకే భయమైతాంది నాకు.”

పాత గది పైకప్పులో పగుళ్లు రోజు రోజుకూ నోరు తెరుస్తున్నాయి. అరవై కాపురాలు దాని కింద పడుకుంటున్నాయి. కాబట్టి ఆయన భయపడే తీరిక ఎవరికీ లేదు.

నమోదు 212

లెక్కనిద్ర అయింది. నా తరువాత ఈ నమోదులు చదివేవాళ్ల కాలానికి ఈ ఆచారం ఉంటుందో లేదో, ఒక ముక్క రాసి పెడతాను. గాలి లెక్క కట్టిన మనిషే ఆ చోట ముందుగా ఒంటరిగా ఒక నిద్ర తీయాలి. లేచి వస్తే లెక్క సరైనట్టు. లేవకపోతే, కొత్త లెక్కల మనిషిని వెతుక్కుంటారు.

తూర్పున కుంపట్లు వెలిగించి అందరూ వెళ్లిపోయారు. నేను పడమటి గూట్లో దుప్పటి పరిచి పడుకున్నాను. మెంతికూర వాసన మోసుకుంటూ తోట గాలి మెత్తగా ముఖం మీదికి దిగింది. ఎంత నిద్ర పట్టిందంటే, నా చెల్లెలు మద్దిలేటమ్మ వచ్చి భుజం పట్టి కుదిపితే గానీ లేవలేదు.

“సచ్చినావేమో అనుకున్యా మే!” అని అరిచింది. చంకలో పిల్ల. పురుటి నెల ఇంకా దాటలేదు, పేరింకా పెట్టలేదు. మరిది బయటి చేలల్లో కోతల మీద ఉన్నాడు, అందుకని పేరు వాయిదా పడింది.

“సచ్చే లెక్కలు నేను కట్టను. ఈ గూడు నీకే. దీనికన్నా మంచి గాలి ఇంగ యాడా లేదు.”

“నిజంగానా అక్కా?”

“నీ బిడ్డకు కాకపోతే ఎవురికి ఇస్తానే.”

పిల్ల ఆ మాటకేమో గుక్కపట్టి ఏడ్చింది. దాని గొంతు గది ఆ కొస నుంచి ఈ కొసకు మోగింది. ఇంత మూరెడు పిల్లకు అంత గొంతేమిటో.

నమోదు 214

అందరం కొత్త గదిలోకి వచ్చేశాం.

గృహప్రవేశం తంతు అంతా ఈరమ్మ జేజి చేతుల్లో నడిచింది. లోగుట్టలో అందరికన్నా పెద్ద ముసలామె. పాలు పొంగే దాకా కొత్త చోట వేరే నిప్పు ఉండరాదన్నది. అంచేత ముందు రోజే తూర్పు కుంపట్లు ఆర్పించి, గాలిబావుల తలుపులు వేయించి, గది అంతా చల్లబడనిచ్చింది. దీపం కూడా ఒప్పుకోలేదు. చీకట్లో తడుముకుంటూ అందరం లోపలికి వచ్చి నిలబడ్డాక, తలుపులు తెరిపించింది. ఎవరి గూటి గడప ముందు వాళ్లు కుంపటి పెట్టి మేకపాలు పొంగించారు.

అరవై కుంపట్లు ఒకేసారి వెలిగితే ఆ వెలుగు చూడాలి! నా కళ్లలో నీళ్లు తిరిగాయని రాయడానికి నాకేం సిగ్గు లేదు.

దస్తగిరికి మాత్రం ఆ వెలుగులోనూ అనుమానమే.

“ఇన్ని కుంపట్లు ఒక్కసారి… ఇదీ నీ లెక్కలో ఉండాదా?”

“పాలు పొంగేదెంతసేపు అన్నా? ఆ మాత్రం దానికి పెట్టెను సతాయించల్నా?”

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. పాలు పొంగాయి, పరమాన్నం తిన్నాం, ఆ తరువాత ఎవరి కుంపటి వాళ్లు తూర్పు కొసన, వంటల దగ్గర తమ తమ చోటికి మార్చుకున్నారు. మేం బయటపడ్డ మర్నాడే పాత గదిలో సగం కప్పు కూలింది. ఎవరూ లోపల లేరు. ఆ చప్పుడు విని జేజి నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకుంది, నేను వద్దనలేదు.

నమోదు 216

తలనొప్పులు మొదలయ్యాయి.

నిద్ర లేచి అందరూ నుదుళ్లు నొక్కుకుంటున్నారు. కొత్త చోటు, నిద్ర చాల్లేదు, అంతే అన్నాను. ఒకాయన నీ గది వద్దు నీ గాలి వద్దు అని నా ముందే గొణిగాడు. అయితే కూలిన గదిలో పడుకో నాయనా, నాలుగు రాళ్లు తలగడగా పెట్టుకో అని అతణ్ణి పంపించేశాను.

తరువాత చెల్లెలు మద్ది గూటి దగ్గరికి పోయాను. గూట్లోకి తల పెట్టగానే ముక్కుకు ఘాటు తగిలింది. తాలింపు వాసన. ఎండుమిరపకాయ, వెల్లుల్లి, చక్కగా వేగిన ఇంగువ. నా లెక్క ప్రకారం వంటల వాసన తూర్పు బావిలో పడి పైకి పోవాలి. పడకల దాకా దానికి దారే లేదు.

పడమటి బావి అడుగున నిలబడి దారం ముక్క వేలాడదీశాను. దిగే గాలికి అది నా ముఖం వైపు ఊగాలి. అది మాత్రం ఎగిరి నిక్కబొడుచుకుని పైకి చూసింది.

రాట్నం ఎదురు తిరుగుతోంది. గాలి తూర్పు బావిలో దిగి, కుంపట్ల మీదుగా వచ్చి, అరవై కాపురాల పొగను పడకల మీద పరిచి, అప్పుడు పడమటి బావిలో ఎక్కుతోంది. బొగ్గు పొగ మహా మోసకారి. ముక్కుకు తెలియకుండా ముందు తలనొప్పి తెస్తుంది, తరువాత నిద్ర తెస్తుంది.

నమోదు 217

పెట్టెకు మళ్లీ లెక్క ఇచ్చాను. గళ్లు ఇంకా చిన్నవి చేశాను. గోడల కొలతలు మళ్లీ తీసి ఎక్కించాను. ఎన్నిసార్లు అడిగినా పెట్టె ఒకటే పాట: గాలి తూర్పున లేస్తుంది, పడమట దిగుతుంది. బావి దగ్గరికి పోయి చూస్తే దారం ఇంకా పైకే. ఇద్దరు మొండివాళ్ల మధ్య ఇరుక్కున్నాను, నేను మూడో దాన్ని.

మద్ది పిల్లను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది. వచ్చిన మనిషి కూర్చోలేదు.

“అక్కా, బిడ్డ పాలు తాగల్యా. నోట్లో పెడితే నాలుగు గుక్కలు తాగుతాంది, నిద్రబోతాంది. ల్యాపినా ల్యాయదు. ఏడ్సనే ఏడ్సదు.”

పిల్ల పాదం వేలితో గీరాను. కాలు వెనక్కి లాక్కుంది, కళ్లు తెరవలేదు.

“తోటలోకి తీస్కపో. ఆడ పొగ ల్యా.”

“పోయొచ్చినా. ఆడ చెమ్మకు గురగుర దగ్గుతాంది. కిందికొస్తే మత్తు, మీదికిపోతే దగ్గు. యాడ పెట్టుకోవల్ల నేను దీన్ని? నువ్వే గదా ఇంతకన్నా మంచి గాలి లేదన్న్యావు!”

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు గానీ, ఎదురుగా ఉన్నది ఆమే కదా. “నా లెక్కలో తప్పు లేదు మద్దీ,” అన్నాను.

“నీ లెక్క బాగుండాది. నా బిడ్డే బాగల్యా.”

ఆ మాట అనేసి పోయింది. నేను పెట్టెను ఒక్క గుద్దు గుద్దాను. చెయ్యి వాచింది, పెట్టెకేం కాలేదు.

నమోదు 218

దస్తగిరి అందరినీ పిలిచాడు. వంటలనూ పడకలనూ అటుదిటు మారిస్తే సరిపోదా అన్నాడు ఒకాయన. తెలివైన మాటే. కానీ పడకగూళ్లు రాతిలో తొలిచినవి, మోసుకుపోయే మంచాలు కావు. తూర్పు కొసనేమో మడుగు, అక్కడ కొత్తగా గూళ్లు తొలిచే చోటు లేదు. పొయ్యి వెలిగించకుండా ఉండలేం, చేలల్లో ఒళ్లు హూనం చేసుకునే మనుషులకు ముద్ద కావాలి.

“పాత గదిలో కూలని సగం ఉండాది గదా. మూడు నిద్రలు చూస్తా. అంతలోపల నీ గాలి తిరిగిందా సరే. ల్యాకుంటే అందరం ఆడికే పోదాం,” అన్నాడు దస్తగిరి.

“అది కూడా కూలుతాదన్నా!”

“కూల్తే కూల్తాది. ఈడ కండ్లముందర సచ్చేదానికన్నా మేలు గదా.”

ఆయన మద్ది వైపు చూడకుండా ఆ మాట అన్నాడు. మద్ది పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చుంది. ఆ కూర్చోవడం నేను చూడలేకపోయాను.

నమోదు 219

దొరికింది! దొంగ దొరికింది. దొంగను నేనే.

నా నిద్రకూ వాళ్ల నిద్రకూ తేడా ఏమిటి అని మొదలుపెట్టాను. అదే గది, అవే గోడలు, తూర్పున అవే కుంపట్లు. నాకు బాగున్న గాలి వాళ్లకెందుకు ఎదురు తిరిగింది? నేను పడుకున్నప్పుడు గదిలో మొదటి నిప్పు తూర్పున వెలిగింది. వాళ్లు వచ్చినప్పుడు మొదటి నిప్పు ఎక్కడ వెలిగింది? గడపల ముందు. గడపలన్నీ పడమట.

పెట్టెలో నా లెక్క ఎప్పుడూ గాలి కదలకుండా ఉన్న చోట మొదలయ్యేది, వెంటనే తూర్పు కుంపట్లు అంటుకునేవి. ఈసారి తూర్పున నిప్పు ముట్టించలేదు. పడమట అరవై గడపల ముందు అరవై కుంపట్లు పెట్టాను. పాలు పొంగేంతసేపు ఉంచాను. పరమాన్నం తిన్నంతసేపు ఉంచాను. అప్పుడు వాటిని తీసి తూర్పుకు మార్చి, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

పెట్టెలో గాలి పడమట లేచింది. కుంపట్లు తూర్పుకు పోయాయి, అయినా గాలి పడమటే లేస్తూ ఉంది. నేను కదలకుండా చూస్తున్నాను, అది కూడా దారి మార్చకుండా తిరుగుతూనే ఉంది.

ఇంత తేలికైనది నాకెందుకు తట్టలేదు? పడమటి బావి నిండా వేడి గాలి చేరింది. అది పైకి పోతూ వెనక ఉన్న గాలిని లాగుతుంది. ఆ లాగుడుకు తూర్పు కుంపట్ల వేడి కూడా గది పొడవునా నడిచి పడమటి బావిలోకే వచ్చి పడుతుంది. దాంతో ఆ బావి ఇంకా వేడెక్కుతుంది, ఇంకా లాగుతుంది. ఒక గదికి ఒకటే జవాబనుకున్నాను నేను. ఈ గదికి జవాబులు రెండు, రెండూ గట్టివే. ఏది మొదలైతే అదే నిలుస్తుంది. మేం పాలు పొంగించి మరీ తప్పు జవాబును ఇంట్లోకి పిలిచాం. ఆ మాత్రం దానికి పెట్టెను సతాయించాలా అని నవ్విన మహాతల్లిని నేనే.

దస్తగిరి దగ్గరికి పరిగెత్తాను. “కుంపట్లన్నీ ఆర్పండి. ఒక్క పూట పస్తుండండి. గాలి నిలబడిపోతాది. మళ్లా తూర్పున ముట్టించినామంటే సరి!”

“గ్యారంటీనా?”

“గ్యారంటీ.”

నమోదు 220

గ్యారంటీ కాదు.

పస్తున్నాం. కుంపట్లు ఆర్పాం. గాలి నీరసించింది, దారం వాలింది. తూర్పున నాలుగు కుంపట్లు ముట్టించగానే దారం కాసేపు తికమకపడి మళ్లీ పైకే లేచింది. నీళ్లలో నానిన అటుకులతో పస్తు గడిపిన అరవై కాపురాలవాళ్లు నన్ను చూసిన చూపు రాయదగ్గది కాదు.

పడమటి బావి గోడ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఇన్నాళ్ల పొగ వేడిని రాయి తాగి దాచుకుంది. నిప్పు ఆరినా రాయి చల్లారలేదు, అదే గాలిని మళ్లీ తన వైపు లాక్కుంది. నా గళ్లన్నీ గాలికే. రాతికి నేను ఒక్క గడి కూడా పెట్టలేదు.

సరే. రాతికీ గళ్లు పెట్టాను. పెట్టె ఏడ్చింది, ఏడవనిచ్చాను. అన్నీ కలిపి అడిగితే జవాబు వచ్చింది. పడమటి బావి గోడలను నీళ్లు పోసి చల్లార్చాలి. ఆపైన తూర్పు బావి కిందే, బావిలోకి వేడి సూటిగా పోయేలా, కుంపట్లన్నీ ఒక్కసారి వెలగాలి. నలభై పెట్టి చూశాను, గాలి తిరిగి, తూలి, మళ్లీ వెనక్కి పోయింది. యాభై పెట్టి చూశాను, తిరిగింది గానీ ఊగిసలాడింది. అరవై పెడితే తిరిగింది, నిలిచింది. ఒక్క ఇల్లు రానన్నా కుదరదు.

ఇక నా మాట వినేవాళ్లు ఎవరు? దస్తగిరి పెట్టిన గడువులో ఒక్క నిద్రే మిగిలింది. పిల్ల ఇవాళ ఒక్కసారే తాగింది.

నమోదు 221

జేజి ఒప్పుకోలేదు.

“కుంపట్లన్నీ ఒక్కతావున కుప్పేసి ముట్టించేది ఎప్పుడో తెలుసా నీకు? శవం ల్యాచిన ఇంటికాడ. పసిబిడ్డ అట్ల పడుండంగ, కుంపట్లు కుప్పేసేదానికి నా నోటితో నేను చెప్పల్నా?”

ఆమె వద్దంటే సగం మంది రారు. నాకు కోపం వచ్చింది, నోటి దాకా వచ్చిన మాటను మింగాను. జేజి పక్కన కూలబడి, చేతులు తిప్పుతూ మొత్తం చెప్పాను. పెట్టె సంగతి కాదు, గళ్లు కాదు. మనం ఏ కొసన నిప్పు పెట్టి పిలిస్తే గాలి ఆ కొస నుంచి ఎక్కుతుంది జేజీ, మనం పడకల కాడ నిలబడి పిలిచాం, అది పడకలనే దారి చేసుకుంది అన్నాను. గడపల ముందు పాలు పొంగడం తప్పు కాదు, దాన్ని లెక్కలో పెట్టకపోవడం నా తప్పు అని కూడా అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమయిందో నాకే తెలుసు.

జేజి చాలాసేపు బోసి నోటితో వక్క నానబెట్టింది.

“అంటే, మనుషులకు గృహప్రవేశం చేసినాము. గాలికి ఎవురూ చెయ్యల్యా.”

“అంతే జేజీ!”

“మరి ఆ మాట ముందే ఏడ్సొచ్చు గదా. కుంపట్లు ఉత్తగా కుప్పేస్తే కీడు. ప్రతి కుంపటి మీదా పాలగిన్నె ఉంటే కీడెట్లయితాది? మేకల్ని పిండమను పోండి.”

ఆమె లేచి గూళ్ల వెంట కర్ర ఆడిస్తూ బయల్దేరింది. ఏమే, లెయ్యండి, గాలిని ఇంట్లోకి పిల్చల్ల, గిన్నెలు తోముకోండి అని ఆమె అరుస్తూ పోతుంటే ప్రతి గూటి నుంచీ గిన్నెలు బయటికొచ్చాయి. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

నమోదు 222

బిందెల వరస కట్టి పడమటి బావి గోడలన్నీ తడిపాం. పైనుంచి కిందికి, కింద నుంచి పైకి, చెయ్యి పెడితే జిల్లుమనేదాకా పోశాం. తరువాత కుంపట్లన్నీ తూర్పు బావి కింద, మడుగు గట్టు మీద, ఒకదాని పక్కన ఒకటి పేర్చాం. గాలి తిరిగేదాకా లోపల ఉండటం ప్రమాదం గనుక ముట్టించేవాళ్లను తప్ప మిగతావాళ్లనందరినీ తోటలోకి ఎక్కించాం. అరవై పాలగిన్నెలు. జేజి పైనుంచి కేక వేసింది, అన్నీ ఒక్కసారే అంటించాం.

నేను పడమట దారం పట్టుకుని నిలబడ్డాను. మొదట అది కదలలేదు. పక్కన దస్తగిరి దారం వైపు మెడ సాచాడు. దారం కొస వణికింది. కాస్త ఇటు, కాస్త అటు. ఆ తరువాత మెల్లగా నా ముఖం వైపు వంగింది. వంగి, అలాగే ఉండిపోయింది. పైనుంచి మెంతికూర వాసన వచ్చింది.

“తిరిగిందా?”

“తిరిగింది దస్తగిరన్నా.”

“నిలుస్తాదా?”

“పోయి పాలు దించుకోపో.”

ఆయన్నీ, ముట్టించినవాళ్లనూ పైకి పంపేశాను. వెలుగుతున్న కుంపట్లు తూర్పున ఉన్నాయి, నేను పడమట ఉన్నాను. మళ్లీ లెక్కనిద్ర తీయాలి కదా. పోయినసారి తప్పిన మనిషికి ఈసారి తప్పించుకునే దారి లేదు. లెక్క మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. దుప్పటి పరిచాను.

అప్పుడు మద్ది మెట్లు దిగి వచ్చింది. చంకలో పిల్ల.

“పైకిపో మే. ఒక్కదాన్నే పండుకోవల్ల.”

“నువ్వు పెద్ద మనిషివి. నీకు బాగుంటే దీనికి బాగున్నట్లా? నువ్వు ల్యాచేదాకా దీన్ని ఆ చెమ్మలో కూర్చోబెట్టుకోలేను అక్కా. దగ్గి దగ్గి సొమ్మసిల్లుతాంది.” ఆమె గూటి ముందు నిలబడింది. “చెప్పు. ఈడ పండబెట్టనా, వద్దా?”

నా ప్రాణానికైతే ఎన్ని గ్యారంటీలైనా ఇస్తాను. ఆ పసిముఖం చూసి గ్యారంటీ ఇవ్వడం వేరు. నలభై దగ్గర తూలిన గాలి కళ్ల ముందు ఆడింది. రాతికి పెట్టని గళ్లు గుర్తుకొచ్చాయి. ఇంకా నేను పెట్టకుండా వదిలేసింది ఏమైనా ఉందా? గోడలు, రాయి, పొగ, తడి, తోట, బావుల తలుపులు, ఒక్కొక్కటీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మద్ది తొందరపెట్టలేదు. నిలబడే ఉంది.

“పండబెట్టు,” అన్నాను.

“నీకు నమ్మకమేనా?”

“భయమైతాంది. నమ్మకమే.”

ఆమె పిల్లను నా పక్కన పడుకోబెట్టి, గడప మీద కూర్చుంది. నేను దారాన్ని పిల్ల ముఖానికి జానెడు ఎత్తున గూటికి కట్టాను. అది మాకేసే వంగి ఉంది. కళ్లు మూసుకున్నాను గానీ నిద్ర ఎక్కడ వస్తుంది? పిల్ల ఊపిరి చప్పుడు వింటూ, దాన్నే లెక్క కడుతూ పడుకున్నాను. ఎప్పుడు పట్టిందో పట్టింది.

నన్ను లేపింది మద్ది కాదు. చెవి పక్కన పెద్ద కేక. ఉలిక్కిపడి లేచేసరికి పిల్ల కళ్లు తెరిచి, పిడికిళ్లు బిగించి, ముఖమంతా కందగడ్డ చేసుకుని, గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది. మద్ది గబుక్కున ఎత్తుకుంది. రొమ్ము అందించేలోపు పిల్ల దవడతో వెతుక్కుంటూ ఆమె రవికను పీకేస్తోంది. దొరికింది. ఏడుపు ఆగింది, గుటకలు మొదలయ్యాయి. మద్ది నా వైపు చూసి నవ్వబోయి బోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ముక్కు చీమిడంతా దుప్పటికి తుడుచుకున్నాను.

గాలితో పాటు ఆ ఏడుపు కూడా తోటలోకి ఎక్కినట్టుంది. పైనుంచి దస్తగిరి గొంతు భయంతో చీలిపోతూ వినిపించింది.

“ఏమైంది? బిడ్డ ఎందుకేడ్సింది? ఏమైందమ్మా?”

మద్ది తల పైకెత్తి, కన్నీళ్లు తుడుచుకోకుండానే, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

“ఆకలన్నా! ఆకలికి ఏడ్సింది!”

ఆ మాట వినగానే పైనున్నవాళ్లందరూ ఒక్కసారిగా మెట్లు దిగడం మొదలుపెట్టారు.